ట్రాక్టర్ కంటే ముందు కాగితం

ప్రశ్న: టెక్సస్‌లో ఆస్టిన్‌కు తూర్పున 18 ఎకరాలు కొన్నాం. అంతా బెర్ముడా గడ్డే. ఎండుగడ్డికి కోయిస్తున్నాం కాబట్టి వ్యవసాయ భూమి లెక్కన పన్ను తక్కువ. మా అమ్మాయి మోనార్క్ సీతాకోకచిలుకల కోసం పూల పొలం చేద్దామంటోంది. కోత ఆపితే పన్ను పెరుగుతుందా? ప్రభుత్వ సాయం తీసుకుంటే భూమి మీద వాళ్లకు హక్కు వస్తుందా? వాటి గొంగళిపురుగులు తినే మిల్క్‌వీడ్ మొక్క నాటితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు పన్ను టెన్షన్ తీరుస్తానమ్మా. 1995లో టెక్సస్ ఓటర్లు ఆమోదించిన రాష్ట్ర రాజ్యాంగ సవరణతో, వన్యప్రాణుల కోసం భూమిని చూసుకోవడం కూడా వ్యవసాయం కిందికే వచ్చింది. మీ భూమికి ఇప్పటికే వ్యవసాయ లెక్క ఉంది కనుక మార్చుకోవచ్చు. పన్ను ఇంకా తగ్గదు, ఇప్పుడున్నట్టే ఉంటుంది. అయితే కోత మానేసి చేతులు ముడుచుకుని కూర్చుంటే ఒప్పుకోరు. చట్టంలో ఉన్న ఏడు పనుల్లో కనీసం మూడు చేయాలి. మీకైతే స్థానిక గడ్డి, పూలమొక్కలు పెంచడం, నీటి వసతి పెట్టడం, వచ్చే జీవాల్ని లెక్కపెట్టి రాసుకోవడం తేలిక. ప్లాన్ రాసి, మే 1 రాకముందే, పన్ను కోసం భూమి విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. అందులో స్థానిక పక్షుల్నీ చేర్చండి. వలస దారిలో ఆగే మోనార్క్‌ల కంటే ఏడాది పొడవునా ఉండే పిట్టల్ని ఆఫీసరుకు చూపించడం సులువు! ప్లాన్ రాయడానికి టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖలోని జీవశాస్త్రవేత్తలు ఉచితంగా సలహా ఇస్తారు.

హక్కు సంగతి. కేంద్ర ప్రభుత్వ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ వారి ‘పార్టనర్స్’ కార్యక్రమం 1987 నుంచి ఉంది. ఖర్చులో కొంత వాళ్లు పెట్టుకుంటారు, చేసిన పనిని కనీసం 10 ఏళ్లు చెడగొట్టనని మీరు ఒప్పందం రాస్తారు. భూమి మీదే, గేటు తాళం కూడా మీ దగ్గరే. కేంద్ర వ్యవసాయ శాఖలో నేల, నీటి సంరక్షణ చూసే ఎన్‌ఆర్‌సీఎస్ విభాగం నడిపే సాయం పథకం ‘ఈక్విప్’ ఇంకో దారి. అక్కడ మాత్రం ఒప్పందం మీద సంతకాలు కాకముందే పని మొదలుపెడితే, ఆ పనికి డబ్బు రాదు. ఉత్సాహం ఆపుకోమని అమ్మాయికి చెప్పండి.

మిల్క్‌వీడ్ మన జిల్లేడుకు చుట్టమే. నర్సరీల్లో ఎరుపు, పసుపు పూలతో ముద్దుగా కనిపించే ట్రాపికల్ రకం జోలికి పోకండి. చలి తక్కువైన చోట అది చలికాలంలోనూ చావదు, మోనార్క్‌లను పీడించే ఓఈ అనే పరాన్నజీవి దాని ఆకుల మీద పేరుకుంటుంది. యాంటిలోప్‌హార్న్స్, గ్రీన్ మిల్క్‌వీడ్ మీ నేల రకాలే. మెక్సికో నుంచి వసంతంలో వచ్చే మోనార్క్‌లు వాటి మీద గుడ్లు పెడతాయి. అక్టోబర్‌లో తిరిగి వెళ్లేటప్పుడు కావాల్సింది మకరందం. కాబట్టి ఆ నెలలో పూసే ఫ్రాస్ట్‌వీడ్, గోల్డెన్‌రాడ్ కూడా ఉండాలి.

వీటన్నిటికంటే మొండిది మీ బెర్ముడా గడ్డి. దున్నితే చావదు, తెగిన ప్రతి ముక్కా మళ్లీ వేళ్లూనుతుంది. అది పెరిగే వేసవంతా, చిగురు కనిపించినప్పుడల్లా గడ్డిమందు కొట్టించాల్సిందే. విత్తనాలు ఆ తర్వాత, శరదృతువులో చల్లండి. అంతకంటే ముందు చల్లితే స్థానిక విత్తనాలకు పెట్టిన డబ్బంతా మట్టిపాలే.