రాజీనామా లేఖ: తేదీ ముఖ్యం, కారణం కాదు

ప్రశ్న: నాలుగేళ్లుగా ఒకే సంస్థలో పనిచేస్తున్నాను. వేరేచోట ఉద్యోగం ఖాయమైంది. మర్యాదగా ఉండాలని రాజీనామా లేఖ మొదలుపెడితే రెండు పేజీలైంది. మానేస్తున్న కారణాలన్నీ రాయాలా?

జవాబు: అక్కర్లేదండీ. అయిదారు వాక్యాలు చాలు. ఆ లేఖ మీ ఫైల్లో ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీ ముఖం కూడా తెలియని హెచ్.ఆర్. ఉద్యోగి రేపెప్పుడో దాన్ని తీసి చూస్తే వెతికేవి రెండే: రాజీనామా చేసినట్టు స్పష్టంగా ఉందా, చివరి పనిదినం ఏది. ఇలా రాయండి:

"విషయం: రాజీనామా - చివరి పనిదినం జులై 3.
గౌరవనీయులైన మేనేజర్ గారికి,
అకౌంట్స్ విభాగంలో నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. నియామక పత్రం ప్రకారం 30 రోజుల నోటీసు ఇస్తున్నాను. నా చివరి పనిదినం జులై 3. ఈలోగా నా పనులన్నీ మీరు చెప్పినవారికి అప్పగిస్తాను. కొత్త బిల్లింగ్ పద్ధతి తెచ్చినప్పుడు ఆ బాధ్యత నాకు ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఈ లేఖ అందినట్టు తెలియజేయగలరు."

కింద పేరు, ఉద్యోగి నంబరు, లేఖ రాసిన తేదీ ఉండాలి.

ఇందులో "చేస్తున్నాను" అన్న మాట చూడండి. చాలామంది వినయం కోసం "రాజీనామా చేయాలనుకుంటున్నాను, మీరు అనుమతిస్తే..." అని రాస్తారు. చదివేవాళ్లకు అది ఒక ఆలోచనలాగే కనిపిస్తుంది. రెండు వారాలు గడిచాక "మీరింకా రాజీనామా ఇవ్వలేదు కదా" అంటే మీ దగ్గర జవాబుండదు. వినయం పలకరింపులో, కృతజ్ఞతలో చూపించండి, క్రియాపదంలో వద్దు. కృతజ్ఞత కూడా ఒక నిజమైన పనిని పేర్కొంటూ ఒక్క వాక్యంలో చెబితే బాగుంటుంది. "జన్మంతా రుణపడి ఉంటాను" లాంటివి రాస్తే ఎవరూ నమ్మరు.

కొత్త సంస్థ పేరు, జీతం రాయనే వద్దు. కారణం రాయకపోయినా తప్పులేదు. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాం. వేధింపులో, జీతం బకాయిలో మీరు మానేయడానికి అసలు కారణమైతే "వ్యక్తిగత కారణాలు" అని రాయకండి. తర్వాత ఫిర్యాదు చేసినప్పుడు ఆ రెండు పదాలనే మీ ముందు పెడతారు. కారణం ఖాళీగా వదిలేసి, ఫిర్యాదును తేదీలతో విడిగా ఇవ్వండి.

ముందు మేనేజర్‌కు నోటితో చెప్పి, ఆ రోజే లేఖ మెయిల్ చేయండి. మెయిల్‌లో చూసి తెలుసుకోవడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

ప్రశ్న: జూన్ 3న 30 రోజుల నోటీసు ఇచ్చాను. జులై 3న వెళ్లిపోవచ్చనుకుంటే, ఆఫీసులో జులై 15 దాకా ఉండాలంటున్నారు. ఎవరి లెక్క సరి?

జవాబు: మీ నియామక పత్రంలో ఏ మాట ఉందో దాన్నిబట్టి రెండూ సరే కావచ్చు. ఉత్త "30 రోజులు" అని ఉంటే సాధారణంగా క్యాలెండర్ రోజులే. జూన్ 4ను మొదటి రోజుగా లెక్కిస్తే ముప్ఫయ్యో రోజు జులై 3. లేఖ ఇచ్చిన రోజునూ కలిపితే జులై 2. "30 పనిదినాలు" అని ఉంటే మాత్రం వారానికి అయిదు రోజుల చొప్పున ఆరు వారాలు, అంటే సరిగ్గా జులై 15. మధ్యలో సెలవులొస్తే ఇంకా జరుగుతుంది. మీవాళ్లు ఈ లెక్కే వేసినట్టుంది. పత్రం తీసి చదవండి.

నోటీసు కాలంలో మీరు పెట్టే సెలవును చివరి తేదీకి కలిపే సంస్థలున్నాయి. మిగిలిన రోజులకు జీతం వదులుకుని ముందే వెళ్లే వీలుంటే, ఒప్పుకున్నామన్న మాట మెయిల్‌లో వచ్చేదాకా కొత్తచోట చేరే తేదీ ఇవ్వకండి.

ప్రశ్న: లేఖ పంపి పది రోజులైంది. మేనేజర్ "చూద్దాం, మాట్లాడదాం" అంటున్నారే తప్ప జవాబు రాయరు.

జవాబు: మళ్లీ కొత్త లేఖ రాయకండి, నోటీసు ఆ రోజు నుంచే మొదలైందనే వీలుంటుంది. పాత మెయిల్‌కే రిప్లై పెట్టి, హెచ్.ఆర్.ను కూడా చేర్చండి: "నా రాజీనామా లేఖ అందినట్టు దయచేసి ధ్రువీకరించండి. అందులో తెలిపిన తేదీనే చివరి పనిదినంగా తీసుకుని పని అప్పగింత మొదలుపెట్టాను."

నిజంగానే మొదలుపెట్టండి. ఏ పని ఎంతవరకు వచ్చింది, తర్వాత చేయాల్సిందేమిటి, ఫైలు ఎక్కడుంది, ఎవరికి అప్పగించారు - ఈ నాలుగు గడుల పట్టిక ఆ మెయిల్‌కే జతచేయండి. రాజీనామా లేఖ, దానికొచ్చిన జవాబులు, జీతం స్లిప్పుల కాపీలు సొంత మెయిల్‌లో దాచుకోండి. సంస్థ ఫైళ్ల జోలికి వెళ్లొద్దు. ఆఫీసు మెయిల్ చివరి రోజు సాయంత్రానికే మూసేయవచ్చు, కాబట్టి ఈ పని ఈ వారమే చేయండి.