నమ్మకం లేదంటున్న కొడుకుతో ఏం మాట్లాడాలి?

మీ ప్రశ్న ఇది: ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్న మీ అబ్బాయి ఏడాదిగా పూజలో కూర్చోవడం మానేశాడు. గుడికి రమ్మంటే "నాకు నమ్మకం లేదమ్మా" అంటున్నాడు. వచ్చే నెలలో మీ అత్తగారి తద్దినం ఉంది, దానికీ రానంటున్నాడు. ఈ తరం పిల్లల్లో భక్తి పూర్తిగా పోయినట్టేనా, అసలు ఈ రోజుల్లో నమ్మకంతో పనేముందని వాడు అడిగితే ఏం చెప్పాలి అని రాశారు.

నేను గుంటూరు జిల్లాలో హైస్కూల్ టీచర్‌ని. దేవుణ్ణి నమ్ముతాను. పొద్దున్నే దీపం పెట్టకుండా బడికి బయల్దేరను. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, తను నమ్మదు. ఈ విషయంలో మా ఇద్దరికీ చాలా వాదనలు జరిగాయి, ఇప్పటికీ జరుగుతుంటాయి. అంచేత నా కళ్లతో చూసిందే ఎక్కువ రాస్తాను.

ముందు ఆ "పూర్తిగా పోయిందా" అన్న టెన్షన్ తీసేసుకోండి. 2011 జనాభా లెక్కల్లో తమ మతం ఏదో చెప్పనివాళ్లు దేశం మొత్తం మీద 29 లక్షలకు కాస్త తక్కువ. అంటే జనాభాలో పావు శాతం కూడా లేరు. అమెరికాకు చెందిన ప్యూ పరిశోధనా సంస్థ 2019-20లో మన దేశంలో దాదాపు 30 వేలమంది పెద్దవాళ్లను కలిసి అడిగితే, నూటికి 97 మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌ సంగతి వేరు. అక్కడ 2011లో తాము క్రైస్తవులమని చెప్పినవాళ్లు 59 శాతం, 2021కి 46 శాతానికి దిగారు. ఏ మతమూ లేదన్నవాళ్లు 37 శాతం అయ్యారు. ఒక్క పదేళ్లలో అంత మార్పు. మన దగ్గర అలాంటిదేమీ కనబడదు. ఏ శనివారమైనా అలిపిరి మెట్లదారిలో చూడండి, 3,550 మెట్లు ఎక్కేవాళ్లలో సగానికి సగం కుర్రకారే ఉన్నట్టుంటుంది. వీసా కోసం చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసేదీ, వచ్చాక 108 చేసేదీ ఆ వయసు వాళ్లే.

అయినా మీకు ఇంట్లో కనిపిస్తున్నది అబద్ధం కాదు. రోజువారీ అలవాటు పోయింది. అది ఎలా పోయిందో టీచర్‌గా నేను దగ్గరగా చూశాను. ఆరో తరగతిలోనే పిల్లల్ని రెసిడెన్షియల్ స్కూల్లో వేస్తాం. ఇంటర్‌కి వచ్చేసరికి పొద్దున అయిదింటికి లేపి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్. వినాయక చవితికి పత్రి కోసుకురావడం, ధనుర్మాసంలో చలికి వణుకుతూ వెళ్లి దొన్నెలో వేడి పొంగలి తినడం, కార్తీకమాసంలో నాయనమ్మ పక్కన కూర్చుని కథ వినడం, ఇవేవీ వాళ్లకు దక్కలేదు. దేవుడు వాళ్ల జీవితంలోకి వచ్చింది ఏడాదికోసారి, పరీక్షల ముందు హాల్ టికెట్ పటం దగ్గర పెట్టినప్పుడు. ర్యాంకు వస్తే దేవుడి దయ, రాకపోతే నువ్వు చదవలేదు. పదేళ్లు ఇలా పెంచి, ఇరవయ్యో ఏట భక్తి లేదేమని అడిగితే వాడు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తాడు? మీ అబ్బాయి చదువు ఎలా సాగిందో మీరు రాయలేదు. నా దగ్గర చదివిన పిల్లల్లో చాలామంది కథ ఇదే.

రెండో సంగతి భయం. చిన్నప్పుడు మనందరం విన్నదే: "తప్పు, కళ్లు పోతాయి, లెంపలేసుకో." అయిదేళ్ల పిల్లాడు లెంపలేసుకుంటాడు. ఇరవయ్యేళ్లవాడు కళ్లు పోకపోవడం గమనించి ఉంటాడు. ఆ ఒక్క మాటతో పాటు మిగతావన్నీ వదిలేస్తాడు. ఇప్పుడు వాట్సాప్‌లో పొద్దున్నే వస్తున్నాయి చూడండి, ఈ ఫొటో 11 మందికి పంపకపోతే కీడు జరుగుతుందని. యూట్యూబ్‌లో ఈ రాశివాళ్లు ఈ వారం జాగ్రత్త, ఈ రంగు చీర కట్టకండి, ఇంట్లో ఫలానా మూల బరువు పెట్టకండి. ఇవన్నీ పంపేది మనమే, మన వయసు వాళ్లమే. పిల్లలు మతం అంటే ఇదే అనుకుంటే ఆ తప్పు వాళ్ల మీద వేయలేం.

మా అమ్మాయి విషయంలో అది ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఇంటర్ చదివే రోజుల్లో బంధువుల ఇంట్లో వ్రతానికి వెళ్లాం. తనకు నెలసరి వచ్చింది. ఆ ఇంటి పెద్దావిడ పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు, భోజనం కూడా అక్కడికే పంపారు. లోపల వ్రతకథ చదువుతున్నారు, నవ్వులు వినబడుతున్నాయి. "నేనేం చేశానని?" అని అడిగింది. ఎవ్వరూ జవాబు చెప్పలేదు, ఆచారం అన్నారంతే. తను సైన్సు చదివి దేవుణ్ణి వదిలిందని చుట్టాలంతా అనుకుంటారు. ఆ పెరట్లో కుర్చీలో కూర్చున్నప్పుడే వదిలిందని నా నమ్మకం.

కులం సంగతి ఇంకా పెద్దది. మా వైపు చాలా ఊళ్లలో ఊళ్లో ఒక రామాలయం, దళితులుండే పేటలో ఒక రామాలయం ఉంటాయి. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడు నిలబడి అడిగాడు, "టీచర్, రాముడు ఒక్కడే కదా, గుళ్లు రెండెందుకు?" క్లాసంతా నిశ్శబ్దం. పాఠం పక్కనపెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. ఊరి గుళ్లోకి రానివ్వకపోతే వాళ్లు తమకంటూ ఒక గుడి కట్టుకున్నారని, కొందరు చర్చి కట్టుకున్నారని చెప్పాను. ఆ పిల్లాడు పేట నుంచే వచ్చేవాడు.

మీ అబ్బాయి ఇలాంటి ప్రశ్నలు అడుగుతుంటే, అవి మన నేలలో పుట్టినవేనని చెప్పండి. బోటనీ లెక్చరర్‌గా పనిచేసిన గోపరాజు రామచంద్రరావు, అందరూ గోరా అంటారు, 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తర్వాత అది విజయవాడ పటమటకు మారింది. ఆయన దేవుడు లేడని చెప్పి ఊరుకోలేదు. అంటరానితనం మీద పోరాడారు, సహపంక్తి భోజనాలు పెట్టారు, కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రామ్‌లో పెళ్లి చేశారు. ఆ పెళ్లి తన ఆశ్రమంలో జరిపించడానికి గాంధీ ఒప్పుకున్నారు కానీ, ఈలోపే ఆయన హత్య జరిగింది. డెబ్భై ఏళ్ల తర్వాత, 2018లో, చిలుకూరు అర్చకులు రంగరాజన్ గారు హైదరాబాద్ జియాగూడ రంగనాథస్వామి గుళ్లోకి ఒక దళిత భక్తుణ్ణి తన భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. పూర్వం శ్రీరంగం అర్చకుడు లోకసారంగ ముని, అంటరానివాడని దూరం పెట్టిన భక్తుడు తిరుప్పాణాళ్వారును అలా మోసుకెళ్లాడన్న కథే దానికి ఆధారం. ఒకరు నాస్తికులు, ఒకరు అర్చకులు. మా క్లాసులో ఆ పిల్లాడు అడిగిన ప్రశ్నకు ఇద్దరూ జవాబు చెప్పినవాళ్లే. నాకు ఇద్దరూ గొప్పవాళ్లే. మతాన్ని ఇలా చూపించగలిగితే పిల్లలు కనీసం కూర్చుని వింటారు.

ఇక అసలు ప్రశ్న, ఈ రోజుల్లో నమ్మకంతో పనేముంది?

మా నాన్న పోయినప్పుడు అమ్మాయి హైదరాబాద్ నుంచి వచ్చి కర్మలు అయ్యేదాకా మా పుట్టింట్లోనే ఉంది. పొయ్యి వెలిగించకూడదు కాబట్టి అన్నం వీధిలోవాళ్లు తెచ్చేవారు. ఏ రోజు ఎవరు తేవాలో వాళ్లలో వాళ్లే అనుకున్నారు, మమ్మల్ని అడగలేదు. పొద్దున కాసేపు తమ్ముడు పంతులుగారితో కూర్చునేవాడు. మధ్యాహ్నం ఎవరో ఒకరు పలకరించడానికి వచ్చేవారు, అమ్మ మళ్లీ మొదటినుంచీ చెప్పేది, రాత్రి ఎన్నింటికి దగ్గు మొదలైందో, నీళ్లు అడిగాడో లేదో. విన్నవాళ్లే మళ్లీ వినేవారు. సాయంత్రం పక్కింటావిడ భాగవతం తెచ్చి చదివేది. ఒకరోజు ఆవిడకు ఒంట్లో బాగోలేక రాలేదు. మా అమ్మాయి పుస్తకం తీసుకుంది. పద్యాల దగ్గర తడబడుతూ, తాత్పర్యం మాత్రం స్పష్టంగా, అమ్మమ్మకు వినబడేలా గట్టిగా చదివింది. ఆ తర్వాత రోజూ తనే చదివింది.

వెళ్లేముందు నాతో అంది, "దేవుడి సంగతి నాకు తెలీదమ్మా. కానీ ఈ పన్నెండు రోజులూ ఇలా గడవకపోతే అమ్మమ్మ ఏమైపోయేదో."

నమ్మకంతో పనేముందంటే నేను చెప్పేది ఇదే. దుఃఖంలో ఉన్న మనిషికి రేపు పొద్దున ఏం చేయాలో తోచదు. కర్మకాండ ఒక పని చెబుతుంది, ఎల్లుండికి ఇంకో పని చెబుతుంది, నలుగురిని ఇంటికి పంపుతుంది, పన్నెండో రోజున ఇక లేచి పనులు చూసుకోమని చెబుతుంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం మంచిదే, అవసరమైనవాళ్లు తప్పకుండా వెళ్లాలి. కానీ కౌన్సెలర్ వీధి మొత్తాన్ని వెంటబెట్టుకుని రాడు. ఈ ఏర్పాటు ఒక తరంలో తయారైంది కాదు, ఒకసారి పోతే మళ్లీ అంత తేలిగ్గా తయారు కాదు. నమ్మనివాళ్లకు కూడా రేపు ఇంట్లో మనిషి పోతే ఇలాంటిది ఒకటి కావాలి. గోరా లాంటివాళ్లు నమ్మకం లేకుండానే మనుషుల్ని కూడగట్టారు, కాబట్టి అది కుదరనిదేమీ కాదు. దానికి ఎవరో ఒకరు జీవితాంతం పూనుకోవాలి.

ఇందులో చెడ్డ కూడా ఉంది, పిల్లలు దాన్ని సరిగ్గానే పట్టుకుంటారు. పెద్దకర్మ భోజనాలకు వడ్డీకి తెచ్చి, ఏళ్ల తరబడి తీర్చుకునే కుటుంబాలు నాకు తెలుసు. అయ్యప్ప మాల సంగతి చూడండి. 41 రోజులు మందు ముట్టడు, చెప్పులు వేసుకోడు, కూలివాణ్ణీ కాంట్రాక్టర్‌నీ "స్వామీ" అనే పిలుస్తాడు. ఆ నలభై ఒక్క రోజులూ ఇంట్లో భార్యాపిల్లలు నెమ్మదిగా ఊపిరి పీల్చుకుంటారు. మాల తీసిన సాయంత్రమే కొందరు మళ్లీ సీసా పట్టుకుంటారు. దీక్షతో పూర్తిగా మానేసినవాళ్లూ మా ఊళ్లో ఉన్నారు. కుర్రాళ్లు మొదటి రకాన్ని చూపించి వెక్కిరిస్తారు, మనం రెండో రకాన్ని చూపించి సమర్థించుకుంటాం. రెండూ నిజమేనని ఒప్పుకుని మాట్లాడితే మన మాటకు విలువ ఉంటుంది.

ఇది హిందువుల ఇళ్లలో గొడవే అనుకోకండి. మా స్కూల్లో లెక్కల టీచర్ వాళ్లది క్రైస్తవ కుటుంబం. వాళ్లబ్బాయి చర్చి మానేశాడు, ఆవిడ కూడా మీలాగే బాధపడుతుంది. క్రిస్మస్ ముందు క్వయర్‌లో కీబోర్డు వాయించడానికి మాత్రం వెళ్తాడు. మా ఊళ్లో శ్రీరామనవమికి పందిరి వేసేదీ, పానకం కలిపేదీ, అన్నదానంలో గరిటె పట్టుకునేదీ కుర్రాళ్లే. వాళ్లలో కొందరు గర్భగుడి వైపు తొంగి కూడా చూడరు. ఏం నమ్ముతావని ఎవరూ అడగరు, చెమటలు కక్కుతూ వడ్డించేవాణ్ణి ఆ ప్రశ్న అడగాల్సిన పని కూడా లేదు. పిల్లలకు పని ఇవ్వాలి, బాధ్యత ఇవ్వాలి. నమ్మకం వస్తే వస్తుంది, రాకపోయినా వాడు ఊరికి దూరం కాడు.

ఇప్పుడు మీ ఇంటి తద్దినం. అది పెట్టాల్సింది మీవారు, మీ అబ్బాయి కాదు. కాబట్టి వాడు పంచె కట్టుకుని కూర్చోవాలని పట్టుబట్టకండి, ఆ ఒక్కదాని మీద ఇల్లంతా రణరంగం చేసుకోవద్దు. దానికి బదులు ఒక పని అప్పజెప్పండి. తల్లి తద్దినంలో మూడు తరాల ఆడవాళ్ల పేర్లు చెబుతారు: మీ అత్తగారు, ఆవిడ అత్తగారు, ఆ పైన ఆవిడ అత్తగారు. ముగ్గురూ మీలాగే ఆ ఇంటికి కోడళ్లుగా వచ్చినవాళ్లే. మూడో ఆవిడ పేరు మీవారికైనా గుర్తుందో లేదో, చాలా ఇళ్లలో ఉండదు. ఊళ్లో ముసలివాళ్లకు ఫోన్ చేసి ఆ పేర్లు కనుక్కోమనండి, ఆవిడది ఏ ఊరో, ఎంతమంది పిల్లలో కూడా అడిగి రాయమనండి. పంతులుగారు వచ్చినప్పుడు ఆ కాయితం వాడి చేతే ఇప్పించండి. మంత్రాలకు అర్థం చెప్పమని ముందే అడిగి పెట్టుకోండి, చాలామంది సంతోషంగా చెబుతారు. వాడు సందేహాలు అడిగితే మధ్యలో ఆపకండి. ఆ రోజు వాడికి పరీక్షో ఇంటర్వ్యూనో ఉంటే వెళ్లనివ్వండి, పేర్ల కాయితం మాత్రం ముందురోజే తీసుకోండి.