నాన్న మీద కోపం... అడగవచ్చా?

ప్రశ్న: నాకు 32 ఏళ్లు, రెండేళ్ల పాప ఉంది. చిన్నప్పుడు రాష్ట్ర స్థాయిలో చెస్ ఆడాను. నాన్నే నేర్పారు. టోర్నీలకు బస్సుల్లో తీసుకెళ్లి, ఆట ముగిసేదాకా టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని హాలు బయట మెట్ల మీద కూర్చునేవారు. ఇంటర్‌లో చేరగానే ఆయనే ఆపించేశారు. ఈమధ్య ‘ద క్వీన్స్ గ్యాంబిట్’ సీరియల్ చూశాను, బెత్ అనే అనాథ అమ్మాయి చెస్‌లో ఎదిగే కథ. మొదట ఒళ్లు పులకరించింది. తర్వాత ఆ అమ్మాయి మీద అసూయ, మాత్రలు, మద్యం చూపించిన తీరు మీద చిరాకు, చివరికి నాన్న మీద కోపం. ‘సీరియల్ చూసి ఇంత బాధపడాలా?’ అంటున్నారు మా వారు. నిరుడు నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఆయన్ను అడగవచ్చా, మనసులోనే అణచుకోవాలా?
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: అడగండమ్మా. కానీ ముందు మీ చిరాకు సంగతి చూద్దాం, ఎందుకంటే అది చాలా న్యాయమైనది. అమెరికాలోని కెంటకీ అనాథాశ్రమంలో పిల్లలకు ఇచ్చే మత్తు మాత్రలు మింగాక బెత్‌కు పైకప్పు మీద పావులు కదులుతూ కనిపిస్తాయి. నాలుగో గంటలో గడియారం తరుముతుంటే తల ఎంత తేటగా ఉండాలో ఆడినవారికి తెలుసు. చివరి ఎపిసోడ్‌లో, మాస్కోలో, మాత్ర లేకుండానే ఆమెకు ఆ ఎత్తులు కనిపిస్తాయి, నిజమే. కానీ అంతవరకు మత్తుకు అద్దిన మెరుపును ఆ కొన్ని నిమిషాలు చెరిపేయలేవు. నాకు ఇంకా బాధ కలిగించింది నోనా గాప్రిందాష్విలి ప్రస్తావన. ఎందరో పురుషులతో తలపడిన ఆ జార్జియా దేశపు చెస్ ఛాంపియన్ మగవాళ్లతో ఎన్నడూ ఆడలేదని ఒక మాట అనిపించారు. ఆమె 2021లో కోర్టుకెక్కారు, మరుసటి ఏడు రాజీ కుదిరింది. ఒక కల్పిత అమ్మాయిని పెద్ద చేయడానికి నిజమైన విజేతను చిన్న చేశారు. ఇన్ని లోపాలున్నా ఆ కథ మీకు నచ్చింది. నచ్చనివ్వండి.

ఇక అసూయ. బెత్‌కు ఆట ఆపమని చెప్పే నాన్న లేరు. బయట ఎదురుచూసే నాన్నా లేరు. నేలమాళిగలో ఆట నేర్పిన షైబెల్ అనే పనివాడు ఉన్నాడు. మొదటి టోర్నీకి ఐదు డాలర్లు పంపిన ఆయన బాకీ ఆమె తీర్చనేలేదు. ఆయన పోయాక వెళ్లి చూస్తే, గోడ నిండా ఆమె గురించిన పత్రికల కత్తిరింపులు! మీ కోపం అక్కడే మొదలై ఉంటుందని నా అనుమానం. మీ షైబెల్, మీ ఆట ఆపినవారు ఒక్కరే కావడం వల్లే ఈ మెలి. ‘ఆపించేశారు’ అని ఒక్క ముక్కలో తేల్చిన మీరు, ఆయన ఒళ్లోని టిఫిన్ డబ్బాను మాత్రం మరచిపోకుండా రాశారు చూడండి.

ఆపరేషన్ తర్వాత ఆయన కోలుకుని మామూలుగా తిరుగుతుంటే, మెత్తగా మాట్లాడటానికి భయపడనక్కరలేదు. సందేహముంటే వైద్యుణ్ని అడగండి. పండగ రోజు, నలుగురి మధ్య వద్దు. ‘ఎందుకు ఆపారు?’ అంటే ఆయన సంజాయిషీకి దిగుతారు. టోర్నీ ప్రయాణాల గురించి మొదలుపెట్టి, ‘ఆపమన్న రోజు మీకెలా అనిపించింది నాన్నా?’ అనండి. చదువు అనవచ్చు, డబ్బు అనవచ్చు, ఆడపిల్లను ఊళ్లు తిప్పడం కష్టమనిపించిందని అనవచ్చు. ఏది చెప్పినా విన్నాక, ‘నాకు ఆపడం ఇష్టం లేదు, ఇప్పటికీ బాధగానే ఉంది’ అన్న మాట తప్పక చెప్పండి. అది దాచుకుంటే పాత ముచ్చట్లే మిగులుతాయి, కోపం కదలదు. ఆయన మౌనంగా ఉండిపోతే ఆ రోజుకు వదిలేయండి.

కోనేరు హంపి 2017లో తల్లయ్యారు. ఆటకు దూరంగా ఉండి తిరిగొచ్చి, 2019 డిసెంబరులో, ఆ మాస్కోలోనే, మహిళల ప్రపంచ ర్యాపిడ్ (వేగంగా ఆడే చెస్) టైటిల్ గెలిచారు. 2024లో మళ్లీ గెలిచారు. ఆమెతో మిమ్మల్ని పోల్చుకోమని కాదు. పాప పుట్టాక బోర్డు ముందు కూర్చోవడం వింతేమీ కాదని చెబుతున్నాను. ఓపెన్ రేటింగ్ టోర్నీలకు వయసు అడ్డు కాదు. ఆదివారం ఒక పూట పాపను చూసుకోమని మీ వారిని అడగండి. బాధ తనకు అర్థం కాకపోయినా, ఈ సాయం ఆయన చేయగలిగినదే. మొదట్లో పదేళ్ల పిల్లల చేతిలో ఓడిపోతారు, దానికి సిద్ధపడే వెళ్లండి.