కొత్త కంపెనీకి మారినా పాత ఫోను బిల్లు ఆగలేదు

సందేహం: మాది ప్రొద్దుటూరు. ఇరవై రెండేళ్లుగా ఉన్న ల్యాండ్‌లైన్‌, దానిమీద నడిచే ఇంటర్నెట్ రెండూ వద్దనుకొని 2024 అక్టోబరులో వేరే కంపెనీ ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాను. మా నాన్నగారు బ్రతికున్నప్పుడు అందరి నోటా ఉన్న నంబరు అది, వదులుకోవడానికి మనసొప్పలేదు. అయినా పాత కంపెనీ కాల్ సెంటర్‌కు ఫోను చేసి తీసేయమన్నాను, ఏదో నంబరుతో మెసేజ్ కూడా వచ్చింది. ఆ తర్వాత కూడా నా బ్యాంకు ఖాతాలోంచి నెలకు రూ.707 చొప్పున ఎనిమిది నెలలు కోసుకున్నారు. 2025 జూన్‌లో చూసుకొని ఆపించాను. ఇప్పుడు ఇంకా రూ.1,690 కట్టాలని లాయరు నోటీసు పంపారు. రాత్రిళ్లు నిద్ర లేదు. రూ.5 లక్షల పరిహారం అడగవచ్చునా? తెలిసినవారొకరు అప్పటి తేదీతో అర్జీ రాసిస్తే ఆఫీసు ముద్ర వేయించి ఇస్తానంటున్నారు. అలా చేయవచ్చునా?

జవాబు: మీ ఉత్తరంలో నాన్నగారి గురించి రెండు పేజీలు ఉన్నాయి, మీకు ఉపయోగపడే మాట మాత్రం ఒక్కటే ఉంది: ‘ఏదో నంబరుతో మెసేజ్ కూడా వచ్చింది’. కనెక్షన్ మూసివేయమని మీరు ఏ రోజున కోరారు, ఆ కోరికను కంపెనీ నమోదు చేసుకున్నదా లేదా అన్నదే ఈ వివాదంలో తేలవలసిన అంశం. ఆ మెసేజ్ మీ ఫోనులో ఇంకా ఉంటే మీ కేసు నిలుస్తుంది. ఫోను మార్చినప్పుడు పోగొట్టుకొని ఉంటే మీ నోటిమాట, వారి కంప్యూటర్ రికార్డు ఎదురెదురుగా నిలబడతాయి.

చాలామంది చేసే పొరపాటే మీరూ చేశారు. మొబైల్ నంబరును మరో కంపెనీకి మార్చుకున్నప్పుడు పాత కనెక్షన్ దానంతటదే ముగుస్తుంది కనుక ఇంటి ఫోను విషయంలోనూ అలాగే జరుగుతుందని అనుకుంటారు. ల్యాండ్‌లైన్‌కు మన దేశంలో ఆ ఏర్పాటు లేదు. కొత్త కంపెనీవారు ఇంటికి తీగ లాగడానికీ పాత కంపెనీ బిల్లు ఆగడానికీ సంబంధం లేదు. మూసివేత అర్జీ విడిగా, రాతపూర్వకంగా ఇచ్చి, మోడెమ్ అప్పగించి రసీదు తీసుకోవాలి. మీ ఉత్తరం చివర మోడెమ్ ఇంకా అటక మీదే ఉందని రాశారు. ఎదుటి వకీలుకు ఇంతకన్నా అనుకూలమైన వాక్యం నేనైనా రాసి ఇవ్వలేను. ఎనిమిది నెలలు పాస్‌బుక్ ముద్రింపించుకోకపోవడం కూడా అజాగ్రత్తే, దానికి కంపెనీని నిందించి లాభం లేదు.

పాత తేదీతో అర్జీ పుట్టించే ఆలోచనను ఈ క్షణమే మానుకోండి. అది భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఫోర్జరీ, దానిని నిజమైనదిగా వినియోగదారుల కమిషన్ ముందు పెడితే 340వ సెక్షన్ కింద మరో నేరం. ఫోర్జరీకి రెండేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. ఆవక రిజిస్టరులో నమోదు కాని అర్జీ మీద ముద్ర మాత్రమే కనిపిస్తే కంపెనీవారికి అనుమానం రావడానికి ఎంతో సేపు పట్టదు, అప్పుడు మీ దగ్గరున్న అసలైన మెసేజ్‌ను కూడా ఎవరూ నమ్మరు. ఆరువేల రూపాయల కోసం ముద్దాయిగా నిలబడవలసిన పని మీకు లేదు.

చేయవలసింది ఇది. మెసేజ్‌ను తేదీ, పంపినవారి పేరు కనిపించేలా ఫోటో తీసి ఉంచండి, ఆ ఫోనును మాత్రం అమ్మకండి, చెరపకండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రంతో దానిని దాఖలు చేయవలసి రావచ్చు. కొత్త కంపెనీ మొదటి బిల్లు, ఎనిమిది నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ సిద్ధం చేసుకోండి. తరువాత పాత కంపెనీకి రాతపూర్వకంగా రెండు విషయాలు అడగండి: ఆ మెసేజ్‌లోని నంబరు కింద ఏ కోరిక నమోదైంది, 2024 అక్టోబరు తరువాత ఆ కనెక్షన్ మీద ఎన్ని కాల్స్, ఎంత డేటా వాడకం జరిగింది. వాడకం సున్నా అని వారి లెక్కే చెబితే మీ వాదనకు సగం బలం వారే సమకూర్చినట్లు. ఫిర్యాదుకు సరైన జవాబు రాకపోతే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ఆ కంపెనీలోనే అప్పీళ్లు వినడానికి ఉండే అప్పిలేట్ అథారిటీకి వెళ్లండి, దానికి రుసుము లేదు. లాయరు నోటీసుకు మౌనం వద్దు. బాకీని ఒప్పుకోవడం లేదని, కారణాలతో, స్పీడ్ పోస్టులో జవాబు పంపి రసీదు దాచండి. వసూలు ఏజెంటు ఫోను చేసి సగం కడితే మాఫీ అన్నా పైసా చెల్లించకండి, కడితే బాకీ ఒప్పుకున్నారని వాదిస్తారు.

ఈ ఉత్తర ప్రత్యుత్తరాల మధ్య కాలపరిమితి మరచిపోవద్దు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం ఏర్పడిన నాటి నుండి రెండేళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. నోటీసు వచ్చిన తేదీ నుండి లెక్కించుకొని నిశ్చింతగా ఉండకండి. మొదటి అక్రమ కోత 2024 నవంబరులో పడింది కనుక ఆ తేదీ నుండే లెక్కించి, 2026 నవంబరు రాకముందే దాఖలు చేయండి. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నది గానీ, చట్టం తెలియదన్న సాకును వారు తేలికగా ఒప్పుకోరు.

కంపెనీ ఆఫీసు హైదరాబాదులో ఉన్నా మీ నివాసాన్ని బట్టి కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. టెలికం వివాదాలు ఈ కమిషన్ల పరిధిలోకి రావన్న అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు 2022లో తోసిపుచ్చింది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు కనుక రుసుము ఉండదు. పరిహారంగా ఐదు లక్షలు అడగకండి, కోసుకున్న రూ.5,656, దానిపై వడ్డీ, రూ.1,690 నోటీసు రద్దు, ఖర్చులు, మితమైన పరిహారం అడగండి. గొంతెమ్మ కోరిక కోరినవారి న్యాయమైన కోరికనూ కమిషన్ అనుమానంగానే చూస్తుంది.

ఇక ఆ మోడెమ్‌ను అటక దించి, అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫోటో తీసి, కంపెనీ ఆఫీసులో అప్పగించి, ఆ నంబరూ నేటి తేదీ వేసిన రసీదు చేతికి వచ్చిన తరువాతే బయటికి రండి.