టికింటర్‌లో ఏ బటన్ నొక్కినా చివరి విలువే ఎందుకు వస్తుంది?

పలాసలో జీడిపప్పు కొట్టుకు టికింటర్‌తో (పైథాన్‌లో కిటికీలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ) బిల్లు ప్రోగ్రాం రాస్తూ, 180, 210, 240, 320 అనే పప్పు రకాలకు ఫర్ లూప్‌లో నాలుగు బటన్లు పెట్టారు. ఏది నొక్కినా 320 రకం ధరే పడుతోందని మీ ప్రశ్న.

తప్పు టికింటర్‌ది కాదు, లాంబ్డాది (పేరు లేకుండా ఒక్క వరుసలో రాసే చిన్న ఫంక్షన్). 'లాంబ్డా: బిల్లు(రకం)' అని రాస్తే అది రకం విలువను దాచుకోదు, ఆ పేరును మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. కొనేవాళ్లు వచ్చి మీరు బటన్ నొక్కేసరికి లూప్ ఎప్పుడో ముగిసింది. ఆ పేరు దగ్గర మిగిలింది 320 ఒక్కటే.

'లాంబ్డా రకం=రకం: బిల్లు(రకం)' అని రాయండి. డిఫాల్ట్ విలువను పైథాన్ ఫంక్షన్ తయారయ్యే క్షణంలోనే లెక్కగడుతుంది కాబట్టి ప్రతి బటన్‌కూ దాని రకం దానికే ఉంటుంది. పైథాన్‌తో వచ్చే ఫంక్‌టూల్స్ మాడ్యూల్‌లోని పార్షియల్ కూడా ఇదే పని చేస్తుంది, చదవడానికి నాకు అదే హాయి. (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు. లాంబ్డా, ఫర్ వంటి మాటలు మాత్రం ఇంగ్లిషులోనే ఉండాలి.)

బటన్ కమాండ్‌కు (నొక్కినప్పుడు నడవాల్సిన ఫంక్షన్) లాంబ్డా లేకుండా నేరుగా 'బిల్లు(రకం)' ఇవ్వకండి, బటన్ తయారవుతుండగానే బిల్లు పడిపోతుంది.

ఎంటర్ కీ కోసం బైండ్ (కీని ఫంక్షన్‌కు ముడిపెట్టేది) వాడితే ఇంకో మెలిక ఉంది. కమాండ్ ఏమీ పంపదు, బైండ్ మాత్రం ఈవెంట్ ఆబ్జెక్టును (ఏ కీ నొక్కారో వంటి సమాచారం ఉండేది) మొదటి ఆర్గ్యుమెంటుగా పంపుతుంది. పై లాంబ్డానే అక్కడ పెడితే రకం స్థానంలో ఈవెంట్ వచ్చి కూర్చుంటుంది. అక్కడ 'లాంబ్డా ఈవెంట్, రకం=రకం: బిల్లు(రకం)' అని రాయాలి.