తుంటికి కీహోల్: పదేళ్ల తర్వాత ఎలా ఉంటుంది?

ప్రశ్న: నాకు 33 ఏళ్లు, కబడ్డీ ఆడేవాణ్ని. గొంతుక్కూర్చున్నా, బండెక్కేటప్పుడు కాలు తిప్పినా కుడి గజ్జలో పోటు. తుంటి బంతి కింద ఎముక ఉబ్బి లేబ్రం (గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) చిరిగిందని, కీహోల్ (చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్) చేయాలని విశాఖలో అన్నారు. ఎన్నేళ్లు నిలుస్తుంది? ఎలాగూ తుంటి మార్పిడి తప్పదా?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: ఆపరేషన్ నాటికి కీలులో ఎంత కార్టిలేజ్ (ఎముకల కొసలను కప్పే నున్నటి పొర) మిగిలి ఉందన్నదే ముఖ్యం. రెండు తుంట్లూ కనబడే ఎక్స్‌రేలో బంతికీ గిన్నెకీ మధ్య సందు కొలిపించండి. మామూలుగా సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుంది. 2 లేదా అంతకన్నా తక్కువైతే కీహోల్ ఫలితం నిలవదు. పదేళ్లపాటు రోగులను గమనించిన ఒక అధ్యయనంలో 34 శాతం మందికి ఆలోపే తుంటి మార్పిడి జరిగింది. భయపడాల్సిన అంకెలా కనిపిస్తుంది గానీ, వయసు పైబడినవాళ్లకీ సందు అరిగినవాళ్లకీ ఆ ముప్పు బాగా ఎక్కువ. మీ వయసులో సందు సరిగ్గా ఉంటే మీకు అంత ఉండదు. అయితే ఈ ఆపరేషన్ నొప్పి తగ్గించేదే, అరుగుదలను ఆపుతుందని రుజువు కాలేదు.

తొందరేమీ లేదు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ పరీక్షలో ఇలాంటి తుంటి నొప్పి ఉన్న 348 మందిని రెండు జట్లు చేసి, ఒకదానికి కీహోల్, రెండోదానికి ఫిజియోథెరపీ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి ఫిజియోథెరపీ జట్టూ మెరుగుపడింది. తుంటి ఎంత బాగుందో కొలిచే ప్రశ్నావళిలో ఆపరేషన్ జట్టుకి 100కి 6.8 మార్కులే ఎక్కువొచ్చాయి. కాబట్టి మూడు నెలలు పిరుదు, పొట్ట కండరాలకు వ్యాయామం చేసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే కీలులోకి మత్తుమందు ఇంజెక్షన్ వేయించుకోండి. కాసేపైనా పోటు పోతే నొప్పి కీలులోదే. పోకపోతే నడుము నుంచో, కండరం నుంచో వస్తుండొచ్చు. అప్పుడు కీహోల్ దండగ. సర్జన్‌ని అడగాల్సినవీ ఉన్నాయి: లేబ్రం కత్తిరించేస్తారా, కుడతారా? కుట్టడం మేలు. కోసిన కీలు తొడుగు మళ్లీ మూస్తారా? గిన్నె లోతు తక్కువగా ఉందా? ఉంటే కీహోల్ ఒక్కటే చేస్తే కీలు వదులవుతుంది.

ప్రశ్న: మావారికి ఈ ఆపరేషన్ విశాఖలో చేస్తారట. గుణుపురం తిరిగొచ్చాక ఎలా చూసుకోవాలి? నాట్లకి ఎప్పుడు దిగొచ్చు?
– ఒక పాఠకురాలు

జవాబు: సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు రెండు చంక కర్రలు వాడాలి. పాదం నేలకి ఆనించొచ్చు గానీ 10 కిలోలకి మించి బరువు వేయకూడదు. బరువు చూసే మిషన్ మీద ఆ పాదం పెట్టి నొక్కి చూస్తే ఎంత వేస్తున్నారో తెలుస్తుంది. తొడ ఎముక మెడ (బంతి కింది సన్నటి భాగం) చెక్కి ఉంటుంది కనుక తొందరపడి నడిస్తే అక్కడ విరగొచ్చు. కార్టిలేజ్ కింద ఎముకకి చిన్న చిల్లులు పెట్టి ఉంటే కర్రలు ఆరు నుంచి ఎనిమిది వారాలు.

దారిలో సీటు వెనక్కి వాల్చి, మోకాలు తుంటి కన్నా పైకి రాకుండా కూర్చోబెట్టండి. గంటకోసారి దింపండి. పిక్క వాచి నొప్పెడితే రక్తం గడ్డేమో, ఆ రోజే చూపించాలి. మర్మాంగం దగ్గర తిమ్మిరి ఉంటే అది ఆపరేషన్‌లో కాలు లాగి పట్టినందువల్ల. చాలావరకు కొన్ని వారాల్లో పోతుంది. అదనపు ఎముక పెరగకుండా నొప్పిమాత్రలు రాస్తే, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నాయేమో ముందే చెప్పండి.

నేల మీది మరుగుదొడ్డి, బాసింపట్టు మూడు నెలలు వద్దు; కుర్చీ కమోడ్ ముందే తెచ్చి పెట్టుకోండి. నాట్లంటే రోజంతా వంగి ఉండడమే, ఆరు నెలలకి ముందు ఆ మాట తలపెట్టకండి. నొప్పి తగ్గి మళ్లీ వస్తే త్రీడీ సీటీ స్కాన్ తీయించండి. ఉబ్బెత్తు పూర్తిగా చెక్కకపోవడమే రెండో ఆపరేషన్‌కి ఎక్కువగా కనబడే కారణం.

ప్రశ్న: అమ్మకు 58. సందు 1.5 మిల్లీమీటర్లు. కీహోల్ పనికొస్తుందా?
– పర్లాకిమిడి

జవాబు: రాదు. నొప్పిలేని వైపు చేతికర్ర, బరువు తగ్గడం, మాత్రలు. వాటికీ లొంగకపోతే తుంటి మార్పిడి. కీహోల్‌కి పెట్టే ఖర్చు దానికి దాచండి.