రాచకొండ: వానలు తగ్గాక జనం లేని తొవ్వ

అక్టోబర్, నవంబర్‌లలో హైదరాబాద్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి వచ్చేలా, జనం పెద్దగా లేని కొండ దారి ఏదైనా ఉందా, ఒంటరిగా వెళ్ళొచ్చా అని అడిగారు. ఉంది, రాచకొండ. ఒంటరిగా మాత్రం మొదటిసారి వద్దు. నేను అలాగే వెళ్ళి ఇబ్బంది పడ్డాను కాబట్టి చెప్తున్నాను.

అనంతగిరి, భువనగిరి గురించి ఎవరైనా చెప్తారు, రెండూ మంచివే, కానీ ఆదివారం వెళ్తే కొండ కన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు. రాచకొండ పేరు నగరంలో తెలియనివాళ్ళు లేరు, 2016లో పోలీస్ కమిషనరేట్‌కి పెట్టింది ఈ పేరే, అయినా ఆ కొండ ఎక్కినవాళ్ళు మాత్రం తక్కువ. సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటి వెళ్ళాలి, మొత్తం దాదాపు 60 కిలోమీటర్లు. 1323లో కాకతీయుల రాజ్యం పోయాక రేచర్ల పద్మనాయక రాజులు ఇక్కడి కోట నుంచే ఏలారు. గుట్టల మధ్య నడుస్తూ ఉంటే హఠాత్తుగా ఒక రాతి ద్వారం ఎదురవుతుంది, రెండు నిలువు బండల మీద ఒక అడ్డ బండ, పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్ళ గోడ. అక్కడ నిలబడితే పిట్టల అరుపు, గాలి తప్ప ఇంకేం వినిపించదు. నాకు ఆ చోటంటే ప్రాణం.

దసరా నుంచి కార్తీకం దాకా అసలైన సమయం. కుంటల్లో నీళ్ళుంటాయి, తంగేడు పూలు ఇంకా రాలిపోవు, గునుగు తెల్లగా పూసి ఉంటుంది, పొదల్లో సీతాఫలాలు కళ్ళు తెరుస్తుంటాయి. కష్టం కూడా ఈ కాలంలోనే. వానలకి గడ్డి నడుం దాకా పెరిగి, నడిచేవాళ్ళు లేక దారి మూసుకుపోతుంది.

నాలుగేళ్ళ కిందట దీపావళి అయిన వారానికి వెళ్ళాను. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, పైన కోట కనిపిస్తూనే ఉంది కదా. దిగడం మొదలుపెట్టేసరికి మూడున్నర దాటింది, చూస్తే ఎటు చూసినా ఒకేలాంటి బండలు, ఒకేలాంటి గడ్డి. సన్నటి బాట ఒకటి కనిపిస్తే అదే అనుకుని దిగాను. పది నిమిషాల్లో ముళ్ళ పొదల్లో వంగి నడవాల్సి వచ్చింది, చొక్కా చిరిగింది, ఫోన్‌కి సిగ్నల్ లేదు, నిజంగా టెన్షన్ పడ్డాను. అప్పుడు కింద సీతాఫలాలు కోస్తున్న ఒక అవ్వ నన్ను చూసి కేకేసింది. "గటు పోకు బిడ్డా, గది మేకల తొవ్వ. మనుషుల తొవ్వ గా బండ మీదికెల్లి ఉంది."

ఆ రోజు ఆమె దగ్గర నేర్చుకున్నదే మీకు చెప్తున్నాను. మేకలు పొద కింద నుంచి దూరిపోతాయి, కాబట్టి కింద బాట శుభ్రంగా ఉన్నా మీ నడుం ఎత్తులో కొమ్మలు అడ్డం పడుతుంటే అది మీ దారి కాదు, వెంటనే వెనక్కి తిరగండి. మనుషులు నడిచే చోట తల ఎత్తు దాకా కొమ్మలు నరికి ఉంటాయి, బండ మీద రాయి అరిగి నున్నగా కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు ప్రతి మలుపులో ఒక్కసారి వెనక్కి తిరిగి ఫోటో తీసుకోండి, దిగేటప్పుడు మీకు కనిపించేది ఆ వైపే. నేను ఇప్పుడు ఇది మానను.

ఇంకొన్ని. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ముసురు ఉంటే ఆ వారం వదిలేయండి. బండల మీద పైనుంచి కిందికి నల్లటి చారలు ఉంటాయి చూడండి, నీళ్ళు కారే జాడలు అవి, తడిస్తే సబ్బులా జారతాయి. గడ్డిలో అడుగు పెట్టే ముందు కర్రతో తట్టండి, రక్తపింజర ఉండే నేల ఇది. నిండు ప్యాంటు, షూస్ తప్పనిసరి, అయినా ఉత్తరేణి గింజలు సాక్సుకి పట్టుకుంటాయి, ఇంటికొచ్చి ఒక గంట ఏరుకోవాలి. అక్టోబర్ కదా చల్లగా ఉంటుందనుకోకండి, పది దాటితే బండ కాలుతుంది, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు పెట్టుకోండి. రాళ్ళ కింద తేనెపట్లు కనిపిస్తే సెంటు, సిగరెట్టు, గట్టి మాటలు ఏవీ వద్దు, దూరంగా తప్పుకోండి.

నవంబర్ మధ్యలో సూర్యుడు 5:40కే దిగిపోతాడు, గుట్టల మధ్య ఇంకా ముందే నీడ పడుతుంది. అందుకే తెల్లవారి ఆరింటికి కింద ఉండేలా బయల్దేరి, రెండు కొట్టేసరికి ఎక్కడున్నా సరే దిగడం మొదలుపెట్టండి. ఎక్కే ముందు దగ్గరి తండాలోనో ఊళ్ళోనో ఎవరితోనైనా మాట్లాడి, ఈ ఏడు ఏ వైపు దారి తెరిచి ఉందో అడగండి. దారి చూపించడానికి ఎవరైనా వస్తే ఆ రోజు కూలి ఇచ్చి తీసుకెళ్ళండి. దిగాక అక్కడే బుట్టల్లో పెట్టుకుని అమ్మే సీతాఫలాలు కొనుక్కోండి, బేరం ఆడకండి.